ఫెయిలైన బండిలో ముందు సీటు

మా బావ కారుని ఈ ఏడాది నేనే పరీక్ష చేశాను. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. బంధువుల బండ్లు ముట్టుకోకూడదని మా టెస్టింగ్ సెంటర్లో రూలు. ప్రతి ఏడూ ఆయన కారు వచ్చిన రోజు నేను పక్క లైన్లోకి పోయేవాణ్ణి. కారుని ఇంకెవరో చూసేవాళ్ళు. ఆయన ఫ్లాస్కులో తెచ్చిన టీ మాత్రం నేను తాగేవాణ్ణి. ఆ గురువారం పొద్దున కూడా కారు గేట్లోకి రావటం చూసి అలవాటుగా తప్పుకోబోతుంటే మా సూపర్‌వైజర్ అడ్డం పడ్డాడు.

“ఎక్కడికి పోతున్నావ్?”

“అది మా బావదండీ.”

“మీ అక్కకీ ఆయనకీ విడాకులైపోయాయన్నావుగా?”

“అయిపోయాయండీ.”

“అయితే ఇంకెక్కడి బావ? బయటి మనిషే. నువ్వే చూసెయ్. ఇక్కడ మనుషుల్లేక నేను చస్తుంటే నీకు చుట్టరికాలొకటి.”

రూలు ప్రకారం ఆయన చెప్పింది నిజమే. నాకు కోపం రావాలి. రాలేదు. అసలు ఈ మధ్య నాకేదీ రావటం లేదు. అక్కా బావా విడిపోయిన దగ్గర్నుంచీ మొద్దుబారిపోయాను. వాళ్ళు విడిపోతే వీడికేమిటి అని మీరనొచ్చు. మా సూపర్‌వైజరూ అదే అన్నాడు. అక్కావాళ్ళ ఇంట్లోనే నాకో గది ఉండేది. సెలవు రోజు పొద్దున బావా నేనూ కలిసి బాల్కనీలో బట్టలారేస్తూ ఊళ్ళోవాళ్ళందర్నీ ఆడిపోసుకునేవాళ్ళం. బావ వెళ్ళిపోయాక కూడా గది అలాగే ఉంది, బట్టలూ ఉన్నాయి, నేనే ఆరేస్తున్నాను. తింటే రుచి తెలుస్తుంది, జోకు వింటే జోకని తెలుస్తుంది, కానీ ఏదీ లోపలికి దిగదు. ఉద్యోగానికి ఇది మంచిదే అయింది. బతిమాలేవాళ్ళనీ తిట్టేవాళ్ళనీ ఒకే మొహంతో చూడగలుగుతున్నాను. మొన్నామధ్య ఒకాయన నన్ను నానా మాటలూ అని, నా మొహం చూసి జాలేసి, చివరికి తనే సారీ చెప్పి వెళ్ళాడు.

కారుని గుంత మీదికి నడిపించి నేను కిందికి దిగాను. మా పని సగం ఈ గుంతలోనే. పైన ఎంత తళతళలాడే బండి అయినా దాని గుట్టు కింద నిలబడ్డవాడికి తెలుస్తుంది. బావ కారుకి పైన కూడా తళతళ ఏమీ లేదనుకోండి. వెనక ఇరుసు మీదుగా పోయే సన్నటి బ్రేకు పైపు మీద టార్చి వేశాను. తుప్పు పెచ్చులు కట్టి ఉంది. వేలితో తడిమితే తడి తగిలింది. వాసన చూశాను. బ్రేకాయిలే. చుక్కలు కారేంత లేదు, పైపుకి చెమట పట్టినట్టుంది, అంతే. అలాంటి పైపు ఇంకో నెల లాగొచ్చు, గేటు దాటగానే పగలొచ్చు. బ్రేకు పట్టు కొలిచే రోలర్ల మీదికి ఎక్కించి బ్రేకు తొక్కితే వెనక ఎడమ చక్రం సగం కూడా పట్టలేదు. హ్యాండు బ్రేకు మాత్రం గట్టిగా పట్టింది. దానికి వేరే తీగ ఉంటుంది.

ఫెయిల్ అని నొక్కాను. మిషను ఎర్ర కాగితం కక్కింది.

బావ పసుపు గీతకి అవతల ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళలోకి కాకుండా నోటివంక చూస్తాడు, పళ్ళెలా కలుస్తున్నాయో అని. పెళ్ళిచూపుల్లో మా అక్క ఇది చూసి సిగ్గనుకుంది.

“ఏమైంది బామ్మర్దీ?”

“పోయింది బావా. వెనక బ్రేకు పైపు. ఈ కాగితం ఉన్నంతకాలం కారు షెడ్డుకి తప్ప ఇంకెక్కడికీ నడపకూడదు.”

ఆయన కాగితం తీసుకుని చదవలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఎల్లుండి శనివారం కదరా,” అన్నాడు.

శనివారం అంటే ఏమిటో నాకు తెలుసు. వాళ్ళ పాప అక్క దగ్గరుంటుంది, శనివారాలు మాత్రం ఆయనది. పొద్దున వచ్చి తీసుకెళ్ళాలి, చీకటి పడకముందు దింపాలి. బస్సెక్కితే పాపకి వాంతులు. అందుకని సొంత బండిలోనే తీసుకెళ్ళి సొంత బండిలోనే దింపాలని మా అక్క కోర్టులో పట్టుబట్టి రాయించింది. చెప్పకుండా వరసగా మూడు శనివారాలు ఎగ్గొడితే ఆ ఏర్పాటు మళ్ళీ కోర్టు ముందుకి పోతుంది. ఆయన అప్పటికే జ్వరమొచ్చి ఒకటీ, ల్యాబులో అర్జెంటు పని పడి ఒకటీ, కబురు పెట్టకుండానే వరసగా రెండు పోగొట్టుకుని ఉన్నాడు. ఇంకొకటి పోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మా అక్క చెడ్డది కాదు. కానీ ఆయన మొహం వారానికోసారి గుమ్మంలో చూడకుండా ఉండే దారి దొరికితే వదులుకునేంత గొప్పదీ కాదు.

“షెడ్డులో ఇవాళే ఇచ్చెయ్. రేపటికి చేసిస్తారేమో,” అన్నాను.

“అడుగుతాను.” మూత తిప్పి టీ పోశాడు. “మీ అక్కతో నీ అంతట నువ్వు చెప్పకు. అంతే చాలు.”

నేను సరే అనలేదు, కాదనలేదు. టీ తాగాను. తర్వాతి బండి వచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క తన కళ్ళద్దాల షాపు కబుర్లు చెప్పింది. ఒక పెద్దావిడ తన పాత అద్దాలు పెట్టుకుని వచ్చి, ఇవే అద్దాలు పోయాయి, వెతికిపెట్టమని అడిగిందట. మా మేనకోడలు పకపకా నవ్వింది. దాన్ని బావ బుడంకాయ అంటాడు, నేనూ అదే అంటాను, అక్క మాత్రం పేరు పెట్టి పిలుస్తుంది. నేను కూడా నవ్వే చోట నవ్వాను. “మామయ్య నవ్వు దొంగ నవ్వు,” అంది బుడంకాయ. అక్క నావంక చూసి, “అలిసిపోయాడు, వదిలెయ్,” అంది. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉంది. చెబితే ఆయనకి పిల్ల దూరమవుతుంది, చెప్పకపోతే పిల్ల ఆ కారెక్కుతుంది. రెండూ తెలిసి కూడా నా గుండె ఒక్క పిసరు వేగంగా కొట్టుకోలేదు. ప్లేటు తీసుకెళ్ళి కడిగాను.

శుక్రవారం పని నుంచి నేరుగా బావ ల్యాబుకి వెళ్ళాను. రెండో అంతస్తులో ఒకే ఒక్క పొడుగాటి గది. బల్లల మీద వరసగా ప్లాస్టరుతో పోతపోసిన నోళ్ళు. కొన్నింటికి పై పళ్ళున్నాయి, కొన్నింటికి కింది పళ్ళు. బావ ఒక దవడని దీపం దగ్గర పెట్టుకుని చిన్న ఆకురాయితో అరగదీస్తున్నాడు. తెల్లటి పొడి ఆయన కనుబొమ్మల మీద పడింది.

“షెడ్డువాడేమన్నాడు?”

“ఆ మోడలు పైపు వాడి దగ్గర లేదు. తెప్పించాలి. మంగళవారం అన్నాడు.”

“అయితే రేపు రానని కబురు పంపు. నువ్వు చెప్పి మానేస్తే వేరు, చెప్పకుండా మానేస్తే వేరు.”

“ఏమని పంపను? కారు ఫెయిలైందనా? అది మీ అక్క చేతికి తాళాలిచ్చినట్టే. అసలే కారు పాతదని గొణుగుతూ ఉంటుంది.”

“ఎవరిదైనా కారు అడుగు.”

“సొంత బండి అని రాశారు రా. ఎవరిదో బండి వేసుకెళ్తే అదీ తప్పే అంటుంది.” దవడని గాల్లోకెత్తి చూశాడు. “మెల్లగా నడుపుతాను. గేర్లతో ఆపుకుంటూ పోతాను. చిన్న దూరమే కదా.”

“బావా, ఆ పైపుని చూసింది నేను. చెప్పి పగలదు అది.”

ఆయన ఆకురాయి కింద పెట్టాడు. “నీకేం, నువ్వు రోజూ బుడంకాయతో కలిసి అన్నం తింటావు. దానికి కొత్త పన్నొచ్చినా, పాత పన్నూడినా నువ్వే ముందు చూస్తావు. నాకున్నది వారానికొక్క రోజు. అది కూడా పోయిందనుకో, ఇదిగో, ఈ నోళ్ళతో మాట్లాడుకోవాలి నేను.”

అది విని నాకు ఏడుపు రావాలి, రాలేదు. ఆయనకి కూడా రాలేదు లెండి. ఇద్దరం బల్ల మీది నోళ్ళ వంక చూస్తూ కూర్చున్నాం. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. దాన్ని ఆలోచన అని ఆ పూట అనుకున్నాను.

“రేపు నేను కూడా వస్తాను. ముందు సీట్లో కూర్చుంటాను. హ్యాండు బ్రేకు బాగుంది. చెయ్యి దాని మీదే వేసి ఉంచుతాను. పైపు పోయినా బండి ఆపొచ్చు.”

బావ నా నోటివంక చూశాడు. “నువ్వుంటే భయం లేదు,” అన్నాడు.

శనివారం పొద్దున ఆయన హారన్ కొట్టగానే నేను చెప్పులేసుకున్నాను. అక్క తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “నువ్వెక్కడికి?”

“నేనూ వెళ్ళొస్తాను. ఈతకొలనుకేగా. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?”

మా అక్క మొహం అలా విచ్చుకోవటం చూసి చాలాకాలమైంది. నేను కాస్త మనుషుల్లో పడుతున్నాననుకుంది పాపం. మామూలు శనివారాల్లో ఆవిడ కారు కిటికీ దగ్గరికి పోయి, లోపలికి తలపెట్టి, ఆయన్ని అడగాల్సినవన్నీ అడిగితే గానీ కారు కదలనివ్వదు. ఆ రోజు మెట్ల దగ్గరే ఆగిపోయింది. “మామయ్య ఉన్నాడుగా. నాకు బెంగలేదు,” అని పాపకి చెయ్యూపి లోపలికి వెళ్ళిపోయింది. బావ ఊపిరి వదలటం నాకు వినపడింది. నేను బెల్టు పెట్టుకుని హ్యాండు బ్రేకు మీద చెయ్యి వేశాను. బుడంకాయ వెనక సీట్లో ఎక్కి స్టీలు నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుంది.

దారంతా నేను చెవులతో కాదు, అరికాళ్ళతో విన్నాను. మా పనిలో అది అలవాటవుతుంది. బావ పెడలు తొక్కిన ప్రతిసారీ నా కాలు కూడా నొక్కుకుంది. మొదటి మలుపులో పెడలు గట్టిగానే ఉంది. షాపుల వీధిలో గట్టిగానే ఉంది. ఆయన నిజంగానే నత్తనడకన నడుపుతున్నాడు. వెనక వచ్చే బండ్లవాళ్ళు హారన్లు కొట్టి, పక్కనుంచి పోతూ లోపలికి తొంగిచూసి పోయారు.

“నాన్నా, మనం పెళ్ళి ఊరేగింపులో ఉన్నామా?” అంది బుడంకాయ.

“పెళ్ళికొడుకు మీ మామయ్య. చూడు ఎంత సిగ్గుపడుతూ కూర్చున్నాడో.”

“మామయ్యకి పిల్ల దొరకదు. దొంగ నవ్వు నవ్వుతాడుగా.”

బావ నవ్వాడు. అది దొంగ నవ్వు కాదు. ఆ ఒక్క నిమిషం పాత రోజుల్లాగే ఉంది. నా చెయ్యి కాస్త వదులైంది. ఇదంతా ఊరికే పెంచుకున్న భయమేమో, ఈ ఒక్క రోజు గడిచిపోతుందేమో అనుకున్నాను. రోజూ గుంతలో దిగేవాడు అనుకోకూడని మాట అది.

ఈతకొలనుకి పోవాలంటే చివర్లో ఒక దిగుడు రోడ్డు ఉంది. ఒక పక్క పిట్టగోడ, ఇంకో పక్క ఇళ్ళు. కింద కూరగాయల వ్యాను ఒకటి ఆగి ఉంది. వెనక తలుపులు తెరిచి ఒకతను ఖాళీ పెట్టెలు సర్దుతున్నాడు. బావ దూరంనుంచే బ్రేకు తొక్కాడు. పెడలు ఒకసారి ఆగింది. తర్వాత నేల దాకా వెళ్ళిపోయింది. చప్పుడేమీ కాలేదు. ఆయన మళ్ళీ తొక్కాడు, మళ్ళీ తొక్కాడు. “లేదురా,” అన్నాడు, చాలా మామూలుగా, ఇంట్లో పంచదార లేదన్నట్టు. గేరు కిందికి లాగాడు. ఇంజను అరిచింది. నేను హ్యాండు బ్రేకు లాగాను. అనుకున్న దానికంటే గట్టిగా లాగాను. వెనక చక్రాలు పట్టేసి కారు అడ్డంగా తిరిగింది. బావ స్టీరింగు పిట్టగోడ వైపు తిప్పాడు. పక్క తలుపు గోడకి రాసుకుంటూ పోయి, వ్యానుకి ఒక బారెడు దూరంలో ఆగాం. పెట్టెలు సర్దే అతను ఒక పెట్టె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఎవరికీ ఏమీ కాలేదనుకున్నాను. వెనక్కి తిరిగితే బుడంకాయ నోరు ఎర్రగా ఉంది. ఆ క్షణంలో అది నీళ్ళు తాగుతోంది. స్టీలు సీసా అంచు పై పెదవిని చీల్చింది. ఏడవలేదు. కారిన రక్తాన్ని అరచేత్తో పట్టుకుని, సీటు పాడవుతుందని కాబోలు, నన్ను చూసి అడిగింది.

“మామయ్యా, కారు నువ్వు చూడలేదా?”

“చూశాను.”

“మరి బాగుందా?”

“లేదు.”

బావ కర్చీఫు తీసి దాని నోటికి అదిమిపెట్టి, ఎత్తుకుని, దిగుడు రోడ్డంతా నడిచి కిందనున్న క్లినిక్కుకి తీసుకెళ్ళాడు. నేను కారు చక్రాలకి రాళ్ళు పెట్టి వెనకాల పోయాను. అక్కకి ఫోన్ చేసింది నేనే. “పెదవి చిట్లింది, కుట్లు వేస్తున్నారు, కంగారు పడకు,” అన్నాను. ఎలా అయిందంటే, “బ్రేకు,” అన్నాను. ఆ ఒక్క మాటకే ఆవిడ ఫోన్ పెట్టేసింది.

క్లినిక్కులో గోడకి ఆనించి ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. లోపల నర్సు పాపతో ఏదో మాట్లాడుతోంది, పాప గొణుగుతోంది. బావ చొక్కా ముందంతా మరకలు. ఆయన నేల చూస్తూ అన్నాడు, “నీకేమీ తెలీదని చెబుతాను. నేనే దాచానంటాను. పోతే నాదొక్కడిదే పోతుంది. నువ్వు ఆ ఇంట్లో ఉండాలి కదా.”

నేను మాట్లాడలేదు. ఒప్పుకోవటానికి మాట్లాడకపోవటమే సులువు. ఏడాదిగా నేను బతుకుతున్నది అలాగే.

అక్క జుట్టు ముడి కూడా వేసుకోకుండా వచ్చింది. ముందు లోపలికి వెళ్ళి పాపని చూసింది. చాలాసేపటికి బయటికొచ్చింది. మా ఎదురుగా నిలబడింది, కూర్చోలేదు.

“వాడికేం తెలీదు,” అన్నాడు బావ లేచి. “కారు గురువారం ఫెయిలైంది. నేను చెప్పలేదు వాడికి. తప్పు నాది.”

అక్క ఆయన చెవులవంక ఒక్కసారి చూసింది. “చెవులెర్రబడ్డాయి,” అంది. “పదేళ్ళు కాపురం చేశాను. ఎందుకండీ మీకు రాని పని?”

ఆవిడ ఇప్పుడు నావైపు తిరిగింది. అప్పటికైనా నోరు విప్పకపోతే బావకి శనివారాలుండవని నాకు తెలుసు. విప్పితే నాకేం పోతుందో మాత్రం తెలీదు.

“ఫెయిల్ చేసింది నేనే అక్కా,” అన్నాను. “పైపు నా వేలితో తడిమి చూశాను. అది ఎక్కకూడని బండి అని నాకంటే బాగా ఎవరికీ తెలీదు.”

“తెలిసీ ఎక్కావా?”

“నేనుంటే ఆపగలననుకున్నాను. ఆపాను కూడా. బావకి ఈ శనివారం పోతే మొత్తం పోతుందని...”

“నువ్వు ఎక్కకపోతే ఏమయ్యేదో తెలుసా?” అంది అక్క. గొంతు పెంచలేదు. లోపల పాప వింటుందని. “ప్రతి వారం లాగే కిటికీ దగ్గరికి వెళ్ళేదాన్ని. బెల్టు బాగుందా, టైర్లలో గాలుందా, బ్రేకులు పడుతున్నాయా అని అడిగేదాన్ని. ఆయన చెప్పేసేవాడు. ఈయనకి అడిగితే అబద్ధం చెప్పటం చేతకాదు. నాతో ఉండటం ఇష్టమేనా అని ఒకరోజు అడిగితే, ఆలోచించి, తెలీటంలేదు అన్నాడు. ఆ మాటతోనే కదా మా ఇల్లు ఇలా అయింది. బ్రేకులు బాగాలేవని చెప్పేవాడు. నేను పిల్లని దించేసేదాన్ని. ఇద్దరం కాసేపు అరుచుకునేవాళ్ళం. ఆయన శనివారం మన ఇంట్లోనే హాల్లో కూర్చుని గడిపేవాడు. అంతే జరిగేది.”

బావ గురువారం నాతో అన్న మాట అప్పుడు అర్థమైంది. చెప్పొద్దని నన్ను అడిగాడు గానీ, అక్క అడిగితే తను చెప్పనని ఎక్కడా అనలేదు.

“నేను అడగలేదు,” అంది అక్క. “ఎందుకంటే నువ్వు ముందు సీట్లో కూర్చున్నావు. రోజంతా బండ్ల కింద దూరి, బాగుంది, బాగాలేదని చెప్పేవాడు నా తమ్ముడు. వాడే ఎక్కి కూర్చుంటే ఇంకా నేనేం అడగను? దాన్ని ఆ కారెక్కించింది ఈయన కాదురా. నువ్వు.”

నేను నేలవంక చూశాను. గచ్చు మీద రక్తపు చుక్క ఒకటి ఎండిపోయి ఉంది. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. అక్క అది చూసింది.

“ఆయన శనివారాలు ఆయనవే,” అంది. “కోర్టుకి పోను. కారు బాగయ్యేదాకా బస్సులో తీసుకెళ్ళండి. వాంతులైతే కడుక్కోండి ఇద్దరూ.” బావతోనే అంది అది. నాతో ఏమీ అనలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటోలో పాపని మధ్యలో కాకుండా అటు చివర కూర్చోబెట్టుకుంది, నాకూ దానికీ మధ్య తను కూర్చుని.

సోమవారం మా సూపర్‌వైజర్‌కి జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు తల గోక్కుని, “అది నీ సొంత గొడవ, పరీక్ష మాత్రం సరిగ్గానే చేశావుగా,” అన్నాడు. అవును. పరీక్ష సరిగ్గానే చేశాను. ఆ వారమంతా రోజుకెన్ని బండ్లొచ్చాయో అన్నీ చూశాను. ఇంట్లో అందరం కలిసే తిన్నాం. కంచంలో ఏం కావాలో అక్క అడిగింది, పెట్టింది. బుడంకాయ లెక్కలు చెప్పమని పుస్తకం పట్టుకుని నా గదికి వస్తే, “నేను చెబుతాను రా,” అని అక్క పిలిచింది. రెండో రోజు కూడా పిలిచింది. మూడో రోజు నుంచి అది రాలేదు.

మళ్ళీ శనివారం బావ బస్‌స్టాపు నుంచి నడిచొచ్చాడు. చేతిలో రెండు ప్లాస్టిక్ సంచులు, ఒక తువ్వాలు. అక్క గుమ్మంలో నిలబెట్టి అన్నీ అడిగింది. ఏ బస్సు, ఎన్నిచోట్ల ఆగుతుంది, కిటికీ సీటు దొరుకుతుందా. ఆయన తెలిసినవి తెలుసనీ తెలియనివి తెలియవనీ చెప్పాడు. బుడంకాయ పెదవి మీద కుట్లు ఇంకా నల్లగా కనిపిస్తున్నాయి. అది చెప్పులేసుకుని, నాన్న చెయ్యి పట్టుకుని, వెనక్కి తిరిగి నన్ను చూసింది.

“మామయ్యా, నువ్వు కూడా రా. బస్సులో అయితే ఏమీ కాదు.”

నేను కుర్చీలోంచి సగం లేచాను.

“మామయ్య రాడు,” అంది అక్క.

వాళ్ళు మెట్లు దిగారు. బావ ఏదో అన్నాడు, పాప నవ్వింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఏడాదిగా రానిదంతా ఒక్కసారే వచ్చింది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. వెక్కిళ్ళు పైకే వినిపించాయి. అక్క తలుపు దగ్గరే నిలబడి నన్ను చూసింది. ఒక అడుగు ఇటు వేసింది. ఆగింది. తర్వాత తలుపు గడియ వేసి, తన గదిలోకి వెళ్ళిపోయింది.